జబ్బు పడనివాళ్ళ తలుపు

(చెన్నైలో తెలుగు మిత్రుల ఆదివారం సమావేశంలో అంటువ్యాధుల పరిశోధకురాలు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం. మధ్యలో టీ కోసం ఆగిన భాగం మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

నన్ను పరిచయం చేస్తూ పెద్దాయన "వీరు వైరస్‌లతో యుద్ధం చేస్తారు" అన్నారు. అంత లేదండీ. మైక్రోస్కోపు ముట్టుకుని పదిహేనేళ్ళు దాటింది. నా ఆయుధాలు చెప్తాను వినండి. క్లిప్పున్న ఒక అట్ట, కాగితాలు, రెండు పెన్నులు, అరిగిపోయిన చెప్పులు. వీధిలోకి పోవడం, తలుపు కొట్టడం, అడగడం, రాసుకోవడం, సాయంత్రం కూర్చుని లెక్కపెట్టడం. నెల్లూరులో ఎవరైనా అడిగితే మా అమ్మ "మా పిల్ల జనాభా లెక్కల్లో పని చేస్తుంది" అని చెప్పేది. మొదట్లో కోపం వచ్చేది. ఇంత చదివింది ఇందుకా అని. ఇప్పుడు ఎవరికైనా నా ఉద్యోగం గురించి చెప్పాలంటే నేనూ దాదాపు అదే చెప్తున్నాను.

ఇవాళ చాలా సంగతులు చెప్పను. ఒక్కటే. ఒక చోట జబ్బు ప్రబలిందంటే అందరూ జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి పరిగెడతారు. డాక్టర్లు, టీవీవాళ్ళు, నాయకులు, చుట్టాలు అందరూ. మేం వాళ్ళ పక్కింటికి కూడా వెళ్ళాలి. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదన్నది మాకు కావాలి.

ఈ పక్కింటివాళ్ళున్నారే, మహా కష్టం. జబ్బున్న ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, అన్నీ చెప్తారు, అడగనివి కూడా చెప్తారు. జబ్బు లేని ఇంట్లో తలుపు సగమే తీస్తారు. "మాకేం లేదు, వెళ్ళండి." మరీ అడిగితే "సుఖంగా ఉన్న కొంపకొచ్చి జబ్బుల పేరెత్తుతావేంటమ్మా" అంటారు. న్యాయమే కదా. నేనైనా అదే అంటాను.

దీని విలువ నాకు చదువులో అర్థం కాలేదు. పరీక్షల్లో కంట్రోల్స్ గురించి బ్రహ్మాండంగా రాశాను. కంట్రోల్ అంటే ఇక్కడ అదుపు కాదండీ, రోగితో పోల్చి చూడటానికి పక్కన నిలబెట్టుకునే ఆరోగ్యవంతుడు. రాయడం వచ్చింది, చేయడం రాలేదు. ఉత్తర చెన్నైలో ఒక వీధి నేర్పింది. ఏ వీధో చెప్పను.

తమిళుల ఆవణి నెల, అంటే ఆగస్టు, సెప్టెంబరు. ఆ వీధిలో కామెర్లు మొదలయ్యాయి. ఎక్కువగా బడి పిల్లలు, కొందరు పెళ్ళికావలసిన కుర్రాళ్ళు. నేనప్పుడు కొత్త. వెళ్ళేసరికే వీధి మొత్తం తీర్పు ఇచ్చేసింది. అంతకుముందు నెల, ఆడిలో, అమ్మవారి గుడి దగ్గర కూళు పోశారు, రాగి అంబలి, మీకు తెలిసిందే. అదే కారణం. గుడి కమిటీవాళ్ళ మీద కోపంగా ఉన్నారు, వంట చేసినామె ఇంట్లోంచి బయటికి రావట్లేదు.

లెక్క కూడా కుదిరింది. కామెర్లలో హెపటైటిస్ ఏ అనేది ఉంది, క్రిమి ఒంట్లోకి పోయాక జబ్బు బయటపడటానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున 28. కలరా అయితే కొన్ని గంటల నుంచి ఐదు రోజులు. కలరా వచ్చినవాణ్ణి "నిన్న ఏం తిన్నావు" అని అడిగితే చాలు. కామెర్లు వచ్చినవాణ్ణి "నెల కిందట ఏం తిన్నావు" అని అడగాలి. మీలో ఎవరికైనా గుర్తుందా నెల కిందటి భోజనం? (నవ్వులు) అందుకే మేం పండగలు పట్టుకుంటాం. తేదీ అడిగితే ఎవరికీ గుర్తురాదు. కూళు పోసిన రోజు అంటే చెప్పులు ఎక్కడ విడిచారో కూడా చెప్తారు.

కామెర్లు వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళాను. కూళు తాగారా? తాగాం. తాగారా? తాగాం. దాదాపు అందరూ. సంబరంగా ఆఫీసుకొచ్చి మా సారుకి చెప్పాను, కూళే సార్ అని. ఆయన కళ్ళజోడు తీసి, "జబ్బు రానివాళ్ళు తాగలేదా?" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. నాకు బస్సు చార్జీ దండగైన బాధ ఒకటి, సిగ్గు ఒకటి.

మళ్ళీ వెళ్ళాను. సగం తలుపులు, సగం మాటలు. తీరా చూస్తే జబ్బు రానివాళ్ళు కూడా అదే లెక్కలో తాగారు. వీధి వీధంతా తాగింది. అలాంటప్పుడు జబ్బుపడ్డవాళ్ళందరూ తాగారనడంలో ఏముంది? వాళ్ళందరికీ ముక్కు కూడా ఉంది.

పోనీ నీళ్ళు. "ఏ నీళ్ళు తాగుతారు?" ఈ ఊళ్ళో దీనికి ఒకటే జవాబు. "క్యాన్." జబ్బు వచ్చిన ఇల్లూ క్యాన్, రాని ఇల్లూ క్యాన్. రెండో రోజు సాయంత్రం దాకా నా కాగితాల నిండా క్యాన్ క్యాన్ క్యాన్. కాళ్ళు నొప్పులు పుట్టి ఒక అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటి అవ్వ నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని "యే ఊరు పాపా మీది?" అంది. నెల్లూరు వైపు అవ్వా అన్నాను. వాళ్ళ తాతల కాలంలో సూళ్ళూరుపేట నుంచి వచ్చారట. అలా కబుర్లలో పడ్డాం. పొద్దున ఏం తిన్నావంటే చద్దన్నం అంది. అన్నంలో ఏ నీళ్ళు పోస్తావు అవ్వా? "పంపు నీళ్ళే పోస్తా. క్యాన్ నీళ్ళు కొని అన్నంలో పోసుకుంటారా ఎవరైనా? డబ్బులేమన్నా చెట్టుకు కాస్తాయా?"

తాగే నీళ్ళు క్యానే. రాత్రి అన్నంలో పోసే నీళ్ళు, మజ్జిగ పల్చన చేసే నీళ్ళు, పళ్ళు తోమి పుక్కిలించే నీళ్ళు మాత్రం పంపువి. నేను అడిగిన ప్రశ్నకి వాళ్ళు నిజమే చెప్పారు. నేను అడగాల్సింది అడగలేదు. మర్నాడు మళ్ళీ ప్రతి గడపా తొక్కాను, ఈసారి పంపు నీళ్ళు కాచకుండా నోట్లోకి ఏ రూపంలో పోతాయని అడుగుతూ. అప్పుడు తేడా కనబడింది. జబ్బు రాని ఇళ్ళలో చాలావాటి పంపులు ఎప్పుడో పాడైపోయాయి. వాళ్ళు అన్నిటికీ లారీ నీళ్ళే పట్టుకుంటున్నారు. పంపు చెడిపోయిందని అన్నాళ్ళూ తిట్టుకున్నవాళ్ళే బాగున్నారు.

ఈ ఇంటి ముందు చేతిపంపులు చెన్నైకి ప్రత్యేకం. ఇక్కడివాళ్ళు అడి పంపు అంటారు. మన ఊళ్ళలో బోరింగు భూమిలోంచి తోడుతుంది. ఇక్కడ చాలా వీధుల్లో అది రోడ్డు కింద పైపుకి తగిలించి ఉంటుంది. నీళ్ళు రోజంతా రావు. రాని గంటల్లో పైపు ఖాళీ. ఖాళీ పైపు ఊరుకోదు, పక్కనున్నదాన్ని పీలుస్తుంది. ఎక్కడో పగులుంటే, ఆ పక్కనే మురుగు లైను కారుతుంటే, ఆ మురుగు లోపలికి. పైగా మనం మోటారు పెట్టి లాగుతాం, చేతిపంపు కొట్టి లాగుతాం. ట్యాంకులో బంగారంలా ఉన్న నీళ్ళు గుమ్మం ముందు చెడతాయి. ట్యాంకు దగ్గర నీళ్ళు పరీక్ష చేసి బాగున్నాయని కాగితం ఇచ్చినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. మేం పరీక్ష చేసేది గుమ్మం దగ్గర, క్లోరిన్ మిగిలి ఉందా అని.

ఇంకో మాట మర్చిపోయాను. ఆ అవ్వ రోజూ పంపు నీళ్ళ చద్దన్నం తింటుంది, కామెర్లు మాత్రం రాలేదు! మీరెవరూ అడగలేదేమా అని చూస్తున్నా. (నవ్వులు) హెపటైటిస్ ఏ మన దేశంలో ఆ తరంవాళ్ళకి చిన్నప్పుడే, తెలియకుండానే వచ్చి పోయి ఉంటుంది. చిన్నపిల్లలకి చాలాసార్లు కళ్ళు పచ్చబడను కూడా పడవు. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ. అంటే ఆవిడ జబ్బు పడనిది నీళ్ళు మంచివై కాదు, ఎప్పుడో పడిపోయింది కాబట్టి. అందుకే జబ్బు రానివాళ్ళందరినీ ఒకే గాటన కట్టకూడదు. అవ్వని నా కంట్రోల్స్ పట్టికలోంచి కొట్టేశాను. కేసు తేల్చిన మనిషి పేరు లెక్కలో లేకుండా పోయింది.

ఈ పంపు కథ చెప్తే మా పనిలో ఉన్నవాళ్ళందరికీ జాన్ స్నో అనే ఇంగ్లీషు డాక్టరు గుర్తొస్తాడు. 1854లో లండన్‌లో కలరా, బ్రాడ్ స్ట్రీట్ పంపు, సెప్టెంబరు 8న దాని పిడి తీసేయించడం. పటం గీశాడు, చుక్కలు పెట్టాడు, పంపు దొరికింది అని చెప్తారు. నాకు మాత్రం ఆయన ఆ చుక్కలు లేని చోట ఏం చేశాడన్నదే ఇష్టం. పంపుకి దగ్గర్లోనే ఒక నిరుపేదల వసతి గృహం ఉంది, 535 మంది ఉన్నారు, చచ్చిపోయింది ఐదుగురే. ఏమిటని చూస్తే వాళ్ళకి సొంత బావి ఉంది. అదే వీధిలో బీరు తయారుచేసే చోటుంది, పనివాళ్ళెవరూ చావలేదు. వాళ్ళకి రోజూ బీరు ఇస్తారు, ఆ పంపు మొహం చూడరు. ఇది విని మా బ్యాచ్ కుర్రాళ్ళు చాలా ఉత్సాహపడ్డారు. (నవ్వులు) ఇంకోవైపు, ఎక్కడో దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు కలరాతో పోయింది. చుట్టుపక్కల ఎక్కడా కలరా లేదు. ఆరా తీస్తే ఆవిడకి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళ రుచి అంటే ఇష్టమట, రోజూ బండి మీద తెప్పించుకునేదట. చావకూడని చోట చావు, చావాల్సిన చోట బతుకు. ఆ రెండే ఆయన సాక్షులు. పిడి తీయగానే కలరా ఆగిందనేది మాత్రం కొంచెం సినిమా. అప్పటికే జనం భయపడి ఊరొదిలి పోయారు, కేసులు తగ్గుముఖం పట్టాయి. ఆ మాట స్నో తనే రాసుకున్నాడు. నిజాయితీ గల మనిషి.

మాటల సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళో వీధులూడ్చేవాళ్ళు, మురుగు తీసేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళని మీకందరికీ తెలుసు. తరాల కిందట వచ్చారు, ఇళ్ళలో ఇంకా తెలుగే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, మా ఫారం మాత్రం డాక్టర్ల భాష. "గత పదిహేను రోజుల్లో చికెన్‌పాక్స్ ఎవరికైనా వచ్చిందా?" లేదు. "ఇంట్లో అమ్మవారు పోసిందా?" గొంతు తగ్గించి, "ఆఁ, పాపకి. మొన్ననే మూడో తలస్నానం అయింది." రెండు ప్రశ్నలూ ఒకటే. జవాబులు వేరు. అమ్మవారు పోసినవాళ్ళని ఆసుపత్రికి తీసుకుపోరు, ఆసుపత్రి లెక్కల్లోకి రారు. అందుకే నేను వీధిలో ముందు గుమ్మాలు చూస్తాను. ఎక్కడ వేపాకు కట్టుందో లెక్కపెడతాను. ఏ కంప్యూటర్‌కీ అంత త్వరగా కబురు అందదు. మశూచిని తరిమినప్పుడు కూడా ఇలాగే, కార్యకర్తలు ఇంటింటికీ పోయి పొక్కులున్న పిల్లవాడి బొమ్మ కార్డు చూపించి ఇలాంటివాళ్ళని చూశారా అని అడిగేవారు. జబ్బు పేరుతో పనిలేదు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975 మేలో.

వేలూరులో 1980లలో డాక్టర్ టి. జాకబ్ జాన్ చేసింది ఇంకా సులువు. ఉత్తర ఆర్కాట్ జిల్లా డాక్టర్లందరికీ అచ్చు వేసిన పోస్టు కార్డులు పంచారు, ఫలానా జబ్బులు చూస్తే రాసి డబ్బాలో వేయండి అని. స్టాంపు ఖర్చు వాళ్ళకి లేదు. వచ్చిన లెక్కని మళ్ళీ ఆ డాక్టర్లకే పంపేవారు. అది ముఖ్యం. మన దగ్గర సమాచారం పైకి పోతుంది గానీ కిందకి రాదు, అందుకే రాసేవాడికి విసుగు.

ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి రాలేదు అన్నదాంతోనే కొత్త క్రిమిని పసిగట్టొచ్చు. 1992 చివర్లో ఇక్కడే, అప్పటి మద్రాసులో, కలరాలాంటి విరేచనాలు. కలరా అలవాటైన ఊళ్ళలో అది మామూలుగా పిల్లల జబ్బు, పెద్దవాళ్ళకి కొంత రక్షణ వచ్చేసి ఉంటుంది. ఈసారి పెద్దవాళ్ళు పడిపోతున్నారు. ల్యాబ్‌లో చూస్తే కలరా క్రిమిలాగే ఉంది, కలరా క్రిమిని గుర్తుపట్టడానికి వాడే సీరంతో మాత్రం గడ్డకట్టట్లేదు. పెద్దలు పడిపోతున్నారంటే వాళ్ళ ఒంటికి పరిచయం లేనిదేదో వచ్చిందన్నమాట. తర్వాత దానికి ఓ139 అని నెంబరిచ్చారు. కలకత్తాకి, బంగ్లాదేశ్‌కి పాకింది.

హెచ్‌ఐవీ కథ కూడా ఈ ఊరిదే. 1985, 86. మద్రాస్ మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ సునీతి సోలొమన్, ఆవిడ దగ్గర విద్యార్థిని నిర్మల. మన దేశంలో ఆ జబ్బు లేదని అందరి నమ్మకం. అది అక్కడెక్కడో విదేశాల్లో, మన సంస్కృతిలో రాదు అని పత్రికల్లో రాశారు కూడా. ఆసుపత్రిలో రోగి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇంకో పదేళ్ళు అలాగే అనుకునేవాళ్ళం. వాళ్ళు అలా కూర్చోలేదు. సెక్స్ వర్కర్లను ఉంచిన ప్రభుత్వ గృహానికి నిర్మల వెళ్ళి రక్త నమూనాలు తీసుకుంది, 80 దాకా. జబ్బు చేసి డాక్టరు దగ్గరికొచ్చినవాళ్ళు కారు వాళ్ళు. దాచడానికి చోటు లేక నమూనాలు ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. తర్వాత భర్తతో కలిసి ఐసు పెట్టెలో పెట్టుకుని రాత్రి రైల్లో కాట్పాడి, అక్కణ్ణుంచి వేలూరు సీఎంసీ. ఆరు పాజిటివ్ వచ్చాయి. ఆవిడ ఆ రైల్లో కాళ్ళ దగ్గర ఏం పెట్టుకు కూర్చుందో పక్క సీటువాళ్ళకి తెలిస్తే ఏమయ్యేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. దాంతోపాటు ఇంకోటి కూడా అనిపిస్తుంది. ఆ ఆడవాళ్ళని ఎవరు అడిగారు, వాళ్ళకి ఎంత చెప్పారు, ఫలితం వచ్చాక వాళ్ళేమయ్యారు? ఈ రోజుల్లో అయితే ఎథిక్స్ కమిటీ ముందు ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాలి. చెప్పాల్సిందే.

కరోనా గురించి అడుగుతారని తెలుసు కాబట్టి నేనే చెప్పేస్తాను. 2020 మే 5న కోయంబేడు మార్కెట్ మూసేశారు, గుర్తుందా? అప్పటికే కూరగాయల లారీలతో పాటు మన నెల్లూరు, చిత్తూరుకి కూడా పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు ఆఖరున సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండు రాష్ట్రాల కాంటాక్టుల లెక్క. 84,965 మంది రోగులు, వాళ్ళని కలిసిన 5,75,071 మంది. అంత పెద్ద లెక్క అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. తేలిందేమిటంటే, నూటికి 71 మంది రోగులు తమ కాంటాక్టుల్లో ఒక్కరికీ అంటించలేదు. నూటికి 8 మంది రోగుల నుంచే 60 శాతం కొత్త కేసులు వచ్చాయి. ఈ సంగతి ఎలా తెలిసింది? అంటనివాళ్ళ పేర్లు కూడా రాశారు కాబట్టి. మండుటెండలో పీపీఈ వేసుకుని తిరిగిన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు నెగెటివ్ అని రాసిన లక్షల గళ్ళలోంచి. నెగెటివ్ రాసేటప్పుడు ఎవరికీ ఉత్సాహం ఉండదండీ. "దండగ తిరుగుడు" అనిపిస్తుంది. నాకు తెలుసు.

ఇక్కడే, మన ఊళ్ళోనే ఉన్న జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆధ్వర్యంలో సీరో సర్వేలు జరిగాయి, అంటే రక్తం చూసి కరోనా ఎంతమందికి వచ్చిపోయిందో లెక్కపెట్టడం. మొదటిది 2020 మే, జూన్‌లలో. దేశంలో 70 జిల్లాల్లో 28,000 మంది పెద్దవాళ్ళ రక్తం తీశారు. జబ్బుపడ్డవాళ్ళని వెతికి తీయలేదు, ఇళ్ళ జాబితాలోంచి చీటీ తీసినట్టు ఎంచుకున్నారు. వందకి 0.73 మందిలో యాంటీబాడీలు. కొంచెమే కదా అంటారు. దేశం మొత్తానికి లెక్కేస్తే 64 లక్షలు. దొరికిన ఒక్కో కేసు వెనక దొరకనివి 82 నుంచి 130. 2021 జూన్, జూలైలో నాలుగో సర్వే నాటికి ఆ శాతం 67.6. మధ్యలో జరిగిన రెండో వేవ్ గురించి ఇక్కడ కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ప్రబలిందల్లా అంటువ్యాధీ కాదు. 2020 డిసెంబరులో ఏలూరు. ఉన్నట్టుండి మూర్ఛలు, కళ్ళు తిరగడం, 600 మందికి పైగా. కరోనా కాలం కదా, కొత్త వైరస్ అని టీవీలు ఊదరగొట్టాయి. కానీ ఒకరి నుంచి ఒకరికి పాకుతున్న వాలకం లేదు, ఎక్కువమంది కొద్ది గంటల్లోనే తేరుకున్నారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. పడ్డ మనిషి పక్కనే రాత్రంతా మేల్కొని కూర్చున్న మనిషికి ఏమీ కాలేదంటే, ఆ మనిషి కూడా ఒక రిపోర్టే.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలు రెండు తీసుకుంటాను.

(ఒక ప్రశ్న: ఆ వీధిలో కూళు పోసినామె ఏమైంది?)

మంచి ప్రశ్న. పైపు తవ్వి పగులు మూశారు, కొత్త ముక్క వేశారు, కేసులు ఆగాయి. కానీ కూళు కారణం కాదని ఎవరూ మైకులో చెప్పలేదు. చెప్పాల్సింది నేను. రిపోర్టులో రాసి ఊరుకున్నాను. ఆ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. మరుసటి ఏడు ఆడిలో వెళ్ళి చూస్తే వేరే ఆవిడ గంటె పట్టుకుని ఉంది. అడిగితే ఆమె రానందట. వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు సగమే తీసింది.

(ఇంకో ప్రశ్న: ఇంతకీ మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?)

నేను కాచిన కుళాయి నీళ్ళు. మా ఆయన క్యాన్. ఎంత చెప్పినా వినరు. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఒక కేసు, ఒక కంట్రోల్ ఉన్నాం, ఎవరు ఏదన్నది ఇంకా తేలలేదు. (నవ్వులు)